పికెట్: పారేసే ముక్కల దగ్గరే ఆటంతా

వానలు మొదలైనప్పటి నుంచి నేనూ బాబాయీ పికెట్ అనే పేకాట ఆడుతున్నాం. సంక్రాంతి దాటితే అమలాపురంలో నలుగురిని ఒక అరుగు మీద కూర్చోబెట్టడం కష్టం, ఇది ఇద్దరి ఆట. ఫ్రెంచివాళ్ల పాత ఆట. యానాం ఇక్కడికి దగ్గరే, 1954 దాకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. అయినా మాకు ఇది అటునుంచి రాలేదు, ఫోనులో నియమాలు చదివి నేర్చుకున్నదే. పందెం లేదు, లెక్క పుస్తకం మాత్రం ఉంది.

మామూలు పేకలోంచి రెండు నుంచి ఆరు దాకా తీసేస్తే 32 ముక్కలు మిగులుతాయి. మిగతా ముక్కలన్నిటినీ కొట్టే తురుఫు లేదు. చెరి పన్నెండు పంచి, ఎనిమిది మధ్యలో బోర్లా పెట్టాలి. పంచించుకున్నవారు ముందుగా ఒకటి నుంచి ఐదు దాకా పారేసి, మధ్యలోంచి అన్నే తీసుకుంటారు. మిగిలినవి పంచినవారి వంతు. సాధారణంగా మూడే మిగులుతాయి. ఈ తేడా వల్ల పంచించుకున్నవారిది దాడి, పంచినవారిది కాపలా.

తరువాత మూడు విషయాలు వరుసగా ప్రకటించాలి: ఒకే రంగులో (ఇస్పేటు, ఆఠీను లాంటివి) ఎక్కువ ముక్కలు, సీక్వెన్సు (ఒకే రంగులో వరస ముక్కలు), సెట్టు (ఒకే విలువ ముక్కలు). ఎదుటివారు ‘చెల్లింది’, ‘చెల్లదు’, ‘సమానం’ అంటారు. రంగుకు ముక్కకొక పాయింటు. సీక్వెన్సు మూడుకు 3, నాలుగుకు 4, ఐదయితే ఏకంగా 15. సెట్టుకు పది మొదలు ఆసు దాకానే పనికొస్తాయి. మూడుంటే 3, నాలుగూ ఉంటే 14.

రమ్మీ అలవాటున్న చేయి ఏడు, ఎనిమిది, తొమ్మిది వరసగా కనిపిస్తే వదలదు. ఇక్కడ దాని విలువ మూడే, అదీ ఎదుటివారి దగ్గర అంతకంటే పెద్దది లేకపోతేనే. పైగా ఆట మొదలయ్యాక ఆ చిన్న ముక్కలతో పట్టు (ఇద్దరూ వేసిన ముక్కల జతను గెలుచుకోవడం) రావడం కష్టం. బాబాయి మొదట్లో ‘సీక్వెన్సు చెడగొట్టుకుంటామా’ అనేవారు. ఇప్పుడు ఆయనే ముందు పొడవైన రంగు నిలబెట్టుకుని, ఆసులూ రాజులూ వదలకుండా మిగతావి పారేస్తున్నారు. నా లెక్కలో ఇదే సరైన వరస.

అది ఎందుకు సరైనదో ఒక పంపకంలో తెలిసింది. ఆఠీను ఆసు నుంచి పది దాకా ఐదూ నాకే ఉన్నాయి, మిగతా ఆసులు రెండు. ఐదు పారేసి తీస్తే నాలుగో ఆసు వచ్చింది. రంగుకు 5, సీక్వెన్సుకు 15, ఆసులకు 14, మొత్తం 34. ఎదుటివారు ఒక్క పాయింటూ చేయకముందే ప్రకటనల్లోనే 30 చేరితే అదనంగా 60. ముక్క వేయకుండానే 94! అదే బాబాయి దగ్గర ఆరు ముక్కల రంగు ఉండి ఉంటే, ముందు లెక్కకు వచ్చేది ఆయన రంగే. ఆ 60 గల్లంతు, నాకు 29తో సరి. అందుకే పంచినప్పుడు నేను గెలిచే రంగు కంటే, ఆయన రంగును ఆపే రంగు కోసం చూస్తున్నాను. రాజును ఒంటరిగా ఉంచను, పక్కన అదే రంగులో ఒక చిన్న ముక్క తప్పదు. రాణికి రెండు కావాలి.

పట్టుల లెక్క తేలిక. ముక్క ముందు వేసినందుకు 1, ఎదుటివారు వేసింది పట్టినందుకు 1, చివరి పట్టుకు ఇంకొకటి. ఏడు అంతకు మించి పట్టితే 10, పన్నెండూ పట్టితే దానికి బదులు 40. ఆరు పంపకాలతో ఒక ఆట. ఓడినవారు 100 చేరకపోతే వారి పాయింట్లు కూడా గెలిచినవారికే కలుస్తాయి, పైన మరో 100. బాబాయికి 90ల్లో ఉన్నప్పుడు టీ కూడా గుర్తుండదు.

కాగితపు ముక్కలు ఈ తేమకు మెత్తబడి అతుక్కుంటున్నాయి. ప్లాస్టిక్ పేకలు రెండు కొన్నాం. ఒకరు పంచుతుంటే రెండోవారు మరోటి కలుపుతారు. పాయింట్లు వచ్చినప్పుడల్లా మొత్తం పైకి చెప్పుకుంటూ పోతాం, పంపకం అయ్యాకే పుస్తకంలో రాస్తాం.

ఈ వారం నుంచి ఉన్నది ప్రకటించకుండా దాచడం సాధన చేస్తున్నాం. మూడు రాజులున్నాయని చెబితే 3 వస్తాయి, నాలుగో రాజు ఎక్కడుందో ఎదుటివారికి తెలిసిపోతుంది. ఆ మూడు వదులుకుంటే చివరి పట్టుల్లో ఎంత తిరిగి వస్తుందో పుస్తకంలో వేరే గడిలో రాసి చూస్తున్నాను. బాబాయి మాత్రం ఇంకా అన్నీ చెప్పేస్తున్నారు.