పదహారు నిండలేదని నిరూపించడానికి పన్నెండు రోజులు

నిన్న మధ్యాహ్నం మా పెద్దది మునిసిపల్ స్విమ్మింగ్ పూల్‌లో దిగింది. 2025 ఏప్రిల్ 25న మొదలుపెట్టిన పని మే 7కి తెమిలింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంకో రెండు రోజులు పోతే నేనే "పోనీలే, ఎలాగో అయింది కదా" అనేస్తాను.

ఏటా వేసవిలో మా కార్పొరేషన్ వాళ్లు పిల్లలకు ఆటల శిబిరాలు పెడతారు. ఆ సంగతి నాకు మా ఆడపడుచు చెబితేగానీ తెలియలేదు. వాళ్లుండేది హైదరాబాదులో. వాళ్ల పిల్లలిద్దరూ జీహెచ్ఎంసీ సమ్మర్ క్యాంపుల్లోనే ఆటలు నేర్చుకున్నారు. అక్కడ ఏప్రిల్ 25 నుంచి మే 31 దాకా, పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకు, ఆరు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు నేర్పించేవారు. చాలా ఆటలకు ఫీజు పది రూపాయలు. షటిల్, స్కేటింగ్, టెన్నిస్ లాంటివాటికి యాభై. "వదినా, మీ ఊళ్లోనూ ఉంటాయి, కనుక్కో" అంది. కనుక్కుంటే ఉన్నాయి, ఇక్కడా పదహారేళ్ల లోపు పిల్లలకే. ఈ ఊరికొచ్చి పదకొండేళ్లయింది, ఒక్క కరపత్రం మా వీధిలోకి రాలేదు. ఇంటి పన్ను నోటీసు మాత్రం తలుపు సందులోంచి తోసి మరీ వెళ్తారు.

చిన్నోడికి తొమ్మిదేళ్లు, షటిల్‌లో చేర్పించాను. రెండు ఫోటోలు, ఆధార్ జిరాక్స్, ఫీజు, పది నిమిషాలు. రాకెట్ మనదే తెచ్చుకోవాలి.

పెద్దదానికి ఈత కావాలి. టెన్త్ పరీక్షలు రాసినప్పటి నుంచి అదే పాట. ప్రైవేటు పూల్‌లో నెలకు నాలుగు వేలన్నారు. కార్పొరేషన్ పూల్‌లో అందులో నాలుగో వంతు కూడా లేదు. కాకపోతే ఆడపిల్లల బ్యాచ్‌కు కనీసం పది మంది వస్తేనే లేడీ కోచ్‌ని పెడతామన్నారు. ఇక్కడ కాస్త గొప్ప చెప్పుకోనివ్వండి. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. కొలతలకు వచ్చిన ప్రతి ఆవిడనీ పట్టుకుని "మీ అమ్మాయిని పంపండి" అని చెప్పి, నాలుగు రోజుల్లో పద్నాలుగు పేర్లు రాసుకెళ్లి ఇచ్చాను. ఆ బ్యాచ్ ఉందంటే నా వల్లే ఉంది. చివరికి ఆ పద్నాలుగు మందిలో చేరలేకపోయింది మా అమ్మాయొక్కతే.

పూల్ గేటు పక్కన చిన్న గది, అందులో ఒక కిటికీ. ఆ కిటికీ ముందు లైనులో నలభై నిమిషాలు నిలబడ్డాం. తీరా మా వంతు వచ్చాక లోపలున్నాయన ఆధార్ కార్డు చూసి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, మళ్లీ చూశాడు. మా పెద్దదాని ఆధార్ పాతది. అప్పట్లో క్యాంపులో చేయించాం, నోటితో వయసు చెప్పాం. కార్డు మీద తేదీ లేదు. "పుట్టిన సంవత్సరం: 2009" అని మాత్రమే ఉంటుంది. అది పుట్టింది ఆగస్టు 14న. కానీ ఆయన కంప్యూటర్‌కు తేదీ లేకపోతే కుదరదు. 01-01-2009 అని కొట్టాడు. స్క్రీన్ మీద పదహారేళ్ల మూడు నెలలు అని వచ్చింది.

"పదహారు నిండిందమ్మా, కుదరదు" అన్నాడు.

"లేదు సార్, ఆగస్టుకి నిండుతుంది" అన్నాను.

ఆయన కిటికీలోంచి తల బయటికి పెట్టి మా అమ్మాయిని పైనుంచి కిందికి చూశాడు. తర్వాత లైనంతా వినబడేట్టు, "ఈ పిల్లకి పదిహేనా? చూస్తే డిగ్రీ పిల్లలా ఉంది. నూరు రూపాయల కోసం వయసు తగ్గించి ఎందుకమ్మా తిప్పలు, పెద్దవాళ్ల టికెట్ తీసుకోండి" అన్నాడు.

లైనులో వెనకున్నవాళ్లందరూ తలలు తిప్పి దాన్నే చూశారు. వాళ్లలో మగపిల్లలున్నారు. వాళ్ల నాన్నలున్నారు. ఎవరో నవ్వారు కూడా. అది భుజం మీద చున్నీని రెండు చేతులతో ముందుకు లాక్కుని, ఫైలు గుండెలకు హత్తుకుని, నా వెనక్కి వచ్చి నిలబడింది. మా ఆయన పొడుగు, దానికీ ఆ పొడుగు వచ్చింది. క్లాసులో అందరికన్నా ఎత్తని అసలే వంగి నడుస్తుంది. ఆ వంగడం మానుతుందనే కదా నేను ఈత అనగానే సరేనన్నది.

"వద్దులే అమ్మా, పోదాం" అంది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి దానికి తెలియకుండా నేనే ఏడ్చాను.

డబ్బు సంగతి కాదని ఆయనకు అర్థం కాలేదు. పెద్దవాళ్ల టికెట్ తీసుకుంటే ఆడవాళ్ల బ్యాచ్ తెల్లారి ఐదింటికి. నేర్పేవాళ్లుండరు, ఈత వచ్చినవాళ్లకే. నేర్పించేది పిల్లల శిబిరంలోనే.

సోమవారం నేనొక్కదాన్నే బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లాను. అది చూసి ఆయన "పేరేదీ?" అన్నాడు. నిజమే, పేరు లేదు. ఆస్పత్రిలో పుట్టగానే రాయించిన కాగితం. తల్లి పేరు, తండ్రి పేరు, ఆడ, తేదీ ఉన్నాయి. బిడ్డ పేరు గడి ఖాళీ. అప్పటికి ఇరవై ఒకటో రోజు కూడా కాలేదు, పేరెక్కడిది? "ఇది మీ ఇంకో పాపది కాదని గ్యారంటీ ఏంటి?" అన్నాడు. "నాకున్న ఆడపిల్ల ఇదొక్కతే సార్" అంటే, "అది నాకెలా తెలుస్తుందమ్మా" అన్నాడు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

సరేనని పేరు చేర్పించడానికి ఇంకో ఆఫీసుకు వెళ్లాను. పుట్టిన ఏడాదిలోపైతే పేరు ఉచితంగా చేరుస్తారు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో, అదీ పదిహేనేళ్ల వరకే. అక్కడి అమ్మాయి తేదీ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టి, "పదిహేను దాటి ఎనిమిది నెలలైంది మేడం" అంది. ఒక కిటికీ దగ్గర పదహారు నిండింది కాబట్టి కుదరదు, ఇంకో కిటికీ దగ్గర పదిహేను దాటింది కాబట్టి కుదరదు. నవ్వొచ్చింది నాకు. ఆ అమ్మాయి నాకేమైనా అయిందేమో అన్నట్టు చూసింది.

ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు ఈ ఒక్క ముక్క వినండి. బర్త్ సర్టిఫికెట్ తీసి బిడ్డ పేరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. బారసాలకు భోజనాల లెక్క వేసేటప్పుడు ఈ పని కూడా ఆ చీటీలోనే రాసుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునేది మామూలుగా ఒక్కసారే, అదీ తొందరపడి తప్పుగా మార్పించుకోకండి.

మా పైన అద్దెకుండే లాయరు గారికి ఈ గోల తెలిసి, ఆధార్ అసలు పుట్టిన తేదీకి రుజువే కాదన్నారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక రోడ్డు ప్రమాదం పరిహారం కేసులో వయసుకు ఆధార్‌ని కాదని స్కూలు సర్టిఫికెట్‌నే తీసుకుందట. కొత్తగా వచ్చే ఆధార్ కార్డుల మీదే ఇది గుర్తింపుకు రుజువు, పౌరసత్వానికో పుట్టిన తేదీకో కాదని అచ్చేస్తున్నారు. నేను నెట్ సెంటర్‌లో కొత్త కాపీ తీయించి, ఆ లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి తీసుకెళ్లాను. కిటికీలో ఆయన అది చదివాడు. చదివి, "అయితే తేదీ ఉన్న రుజువు తెండి" అన్నాడు. న్యాయంగానే అన్నాడు, ఒప్పుకోవాలి. టెన్త్ రిజల్ట్స్ ఏప్రిల్ 23న వచ్చాయి, దీనికి 543. నెట్‌లో తీసిన మార్కుల ప్రింటు ఇస్తే "ఇది చెల్లదు, ఒరిజినల్ మెమో కావాలి" అన్నాడు. ఒరిజినల్ స్కూలుకు వచ్చేదెప్పుడు, మే నెలాఖరుకు శిబిరమే అయిపోతుంది.

మధ్యలో మేడే, ఆదివారాలు. స్కూళ్లకు సెలవులు, మళ్లీ తెరిచేది జూన్ 12నే. హెడ్మాస్టర్ గారు దొరుకుతారనే ఆశ లేదు. ఫోన్ చేస్తే, "రిజల్ట్స్ పనుల మీద పొద్దున పూట వస్తున్నానమ్మా, రండి" అన్నారు. బీరువా తీసి, పాత అడ్మిషన్ రిజిస్టర్ దుమ్ము దులిపి, వేలితో వరస వెంట వెళ్తూ మా అమ్మాయి పేరు దగ్గర ఆగారు. స్టడీ సర్టిఫికెట్ మీద పుట్టిన తేదీ అంకెల్లో రాసి, పక్కనే "ఆగస్టు పద్నాలుగు, రెండు వేల తొమ్మిది" అని అక్షరాల్లోనూ రాసి, స్టాంపు రెండుసార్లు వేశారు. మొదటిసారి సరిగ్గా పడలేదట. నాలుగు నిమిషాలు. టీ తాగి వెళ్లమన్నారు కూడా.

ఆ కాగితంతో ఈసారి కిటికీ దగ్గరకు వెళ్లలేదు. ఆటల విభాగం చూసే ఆఫీసరు గది వెతుక్కుంటూ మెట్లెక్కి, బయట గంటన్నర కూర్చున్నాను. ఆవిడ చదివి, మూలన "చేర్చుకోవచ్చు" అని రాసి సంతకం పెట్టారు. కిటికీ దగ్గర ఎన్నిసార్లు బతిమాలినా ఇది జరిగేది కాదు. మీరూ మెట్లెక్కండి.

మిగతావన్నీ తేలికే. చెవిలో చీము, చర్మవ్యాధి, మూర్ఛ లేవని డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. మా దగ్గరి ప్రైవేటు క్లినిక్‌లో దానికి మూడు వందలు తీసుకున్నారు, తర్వాత తెలిసింది అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఉచితమని. కాటన్ బట్టలతో దిగనివ్వరు. పూల్ ఎదురు షాపులో కాస్ట్యూమ్ తొమ్మిది వందలన్నాడు, కుట్లు చూస్తే నా దగ్గర పని నేర్చుకునే పిల్ల కూడా సిగ్గుపడేలా ఉన్నాయి. లైక్రా బట్ట కొని నేనే మోకాళ్ల దాకా, మోచేతుల దాకా కుట్టాను. మామూలు తిన్న కుట్టు వేస్తే బట్ట సాగినప్పుడు పటుక్కున తెగుతుంది, ఓవర్‌లాక్ వేయాలి. దాన్ని చూసి ఇంకో ఐదుగురు అమ్మలు ఆర్డర్లిచ్చారు.

నిన్న అది కమ్మీ పట్టుకుని కాళ్లాడించడం, నీళ్లలో ముఖం పెట్టి బుడగలు ఊదడం, అంతే. మిగతా పిల్లలు అప్పుడే చేతులు వదిలేస్తున్నారు, మాది వెనకబడింది. మూడింటికి ఎండలో ఎదురుచూస్తూ నేను గట్టు మీద కూర్చుంటే ఒకసారి నావైపు చూసి చెయ్యూపింది.

వచ్చేటప్పుడు గేటు దగ్గర ఐడీ కార్డు ఇచ్చారు. ఫోటో సరిగ్గానే ఉంది. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ అదే చదివింది: "అమ్మా, పుట్టిన తేదీ చూశావా?" 01-01-2009 అని ఉంది. పొద్దున అడిగితే కిటికీలో ఆయన, "కంప్యూటర్‌లో ఒకసారి ఎక్కితే మారదమ్మా. లోపలికి రానిస్తున్నాం కదా, ఇంకెందుకు" అన్నాడు.