700 ఎకరాలకి ఒక డేరా

"డబ్బులిచ్చి మరీ డేరాలో పడుకోవడమేందిరా?"

కెన్యాలో అడవి జంతువుల్ని చూసే సఫారీకి ఇద్దరికీ టికెట్లు తీశానని చెప్పగానే నాన్న అన్న మాట ఇది. ఆయన కుర్రతనం సగం కనిగిరి దగ్గర మా ఊళ్ళో, జొన్నచేలో మంచె మీద, అడవిపందుల్ని తోలుతూనే గడిచింది. జంతువుల మధ్య రాత్రి గడపడం ఆయన లెక్కలో పని. దానికి మనం ఎదురు డబ్బులివ్వడం ఆయనకి ఎంతకీ మింగుడు పడలేదు. ఎంతో అడిగాడు. సగమే చెప్పాను.

అమ్మ మోకాళ్ళ నొప్పులతో రానంది. బదులుగా చెక్కలు పంపింది. ముందు పాలిథిన్ కవర్లలో కట్టింది గానీ, కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధమని చెబితే గొణుక్కుంటూ స్టీలు డబ్బాలోకి మార్చింది. నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మసాయి మారా అనే ఆ జంతువుల గడ్డిమైదానాలకి వెళ్ళే చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లోనే. దాంతో డబ్బా నా ఒళ్ళోకి చేరింది. గంటలోపే మట్టి రన్‌వే మీద దిగాం.

మేం దిగిన క్యాంపు మారా నేషనల్ రిజర్వులోది కాదు. రిజర్వుని ఆనుకుని ఉన్న ఒక కన్సర్వెన్సీలోది. అక్కడి భూములు పశువులు కాసుకునే మసాయి తెగ కుటుంబాలవి. వాటిని క్యాంపుల వాళ్ళు అద్దెకి తీసుకుంటారు, ఆ అద్దె భూమి ఉన్నవాళ్ళకి చేరుతుంది. కంచెలు వేయకూడదు, పశువుల్ని ఎక్కడ పడితే అక్కడ మేపకూడదు. గైడు ఇదంతా ఇంగ్లిష్‌లో వివరిస్తుంటే నేను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నాన్న మధ్యలోనే ఆపాడు.

"కౌలు. అంతేగా?"

అంతే. నేను నాలుగు ఆర్టికల్స్ చదివి అర్థం చేసుకున్నది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. అక్కడ 700 ఎకరాలకి ఒక్క టెంటే ఉండాలని నియమం ఉందంటే మాత్రం కాసేపు మాట్లాడలేదు. మనసులో మా ఊరి పొలాలు కొలుస్తున్నాడని నాకు తెలుసు.

టెంటు అంటే టెంటే, గోడలన్నీ కాన్వాసు గుడ్డ. కానీ లోపల టేకు మంచం, తెల్లటి దుప్పట్లు, రాసుకునే బల్ల, వెనకవైపు బాత్‌రూమ్. షవర్ నాకు భలే నచ్చింది. వేడినీళ్ళు కావాలని చెబితే ఒకతను వెనక నుంచి బకెట్లో నీళ్ళు పోసి, తాడుతో పైకి లాగుతాడు. లోపల గొలుసు లాగితే నీళ్ళు. సబ్బు రాసుకునేటప్పుడు కట్టేయాలి, లేకపోతే నురగతో నిలబడిపోవాలి. మొదటి రోజు నేను అలాగే నిలబడ్డాను. "బకెట్టు ముందు పెట్టుకుని పోసుకుంటే ఈ గోల ఉండదుగా" అన్నాడు నాన్న బయట నుంచి.

తినేవేవీ టెంటులో ఉంచొద్దన్నారు, కోతులొస్తాయట. చెక్కల డబ్బా వంటింటికి వెళ్ళింది. చీకటి పడ్డాక ఒంటరిగా అడుగు బయట పెట్టకూడదు. టార్చి ఊపితే కాపలా మనిషి వచ్చి తీసుకెళ్తాడు. అక్కడ వాళ్ళని అస్కారీ అంటారు. మా అస్కారీ షూకా అనే ఎర్ర దుప్పటి కప్పుకుని, చేతిలో బల్లెంతో వచ్చే మసాయి యువకుడు.

మారా ఎత్తైన నేల, ఆగస్టులో రాత్రిళ్ళు వణికిస్తుంది. మొదటి రాత్రి రెండింటప్పుడు మెలకువ వచ్చింది. మంచానికి రెండడుగుల దూరంలో, గుడ్డకి అవతల, ఏదో పర్... పర్... మని గడ్డి పీకుతోంది. మధ్యలో బరువుగా ఊపిరి వదులుతోంది. నాకు గుండె నోట్లోకొచ్చింది. "నాన్నా" అన్నాను, గొంతు పెగల్లేదు.

"గేదె మేస్తంది, పడుకో."

ఇక్కడ గేదెలేంటి నాన్నా అనేలోపే గురక. నేను మాత్రం తెల్లారేదాకా ఆ నమలడం వింటూనే ఉన్నాను. పొద్దున చూస్తే నాలుగు వేళ్ళ గుర్తులు, నా అరచేతికన్నా పెద్దవి. నీటి ఏనుగు. పగలంతా నదిలో ఉండి, రాత్రి మేతకొస్తుందట. ఒక్క రాత్రిలో 40 కిలోల దాకా గడ్డి తింటుందని గైడు చెప్పాడు. "గేదె కన్నా నయం, దాణా అడగదు" అన్నాడు నాన్న.

అందరూ ఊరించే మారా నది దాటింపు మాకు దక్కలేదు. మేత కోసం వలసపోయే విల్డబీస్ట్‌లనే అడవి జంతువులు వేలకొద్దీ గట్టు మీదికొచ్చి మూడు గంటలు నిలబడి, వెనక్కి తిరిగిపోయాయి. అవతల గట్టు నిండా జీపులే. వాటిని చూస్తే నేనైనా దాటను.

నాన్నకి సింహాల కన్నా మసాయిల పశువుల మీదే ధ్యాస. ఊరికి తీసుకెళ్ళమని తనే అడిగాడు. ఇళ్ళ చుట్టూ గుండ్రంగా ముళ్ళకంప, మధ్యలో పశువుల దొడ్డి. ఎర్రగా, మూపురంతో, గంగడోలు వేలాడుతున్న ఆవు దగ్గర ఆగిపోయాడు. సాహివాల్ రక్తమట, మన వైపు నుంచే ఎప్పుడో కెన్యాకి తెచ్చిన జాతి. ఆ సాయంత్రం టార్చి వెలుగులో నాన్న ఫోన్ తీసి, మా మేనమామ వాళ్ళ ఒంగోలు గిత్త ఫోటో అస్కారీకి చూపించాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. అతను తెర మీద మూపురాన్ని వేలితో పెద్దది చేసి చూసి, నాలుకతో టక్కుమని శబ్దం చేశాడు. ఆ తర్వాత పది నిమిషాలు చేతులతోనే కొమ్ములు, పళ్ళు, ఎత్తు, వయసు. నేను దోమలు కొట్టుకుంటూ నిలబడ్డాను.

చివరి రాత్రి దూరంగా సింహం అరిచింది. కాన్వాసు అదిరిందని నా నమ్మకం. నాన్న లేచి కూర్చుని, అది ఆగేదాకా విని, "ఇది పంది కాదులే" అని మళ్ళీ పడుకున్నాడు.

పొద్దున బయల్దేరేటప్పుడు వంటింట్లోంచి చెక్కల డబ్బా తెప్పించి అస్కారీ చేతిలో పెట్టాడు. అతను ఒకటి కొరికి, తల ఊపి, డబ్బా చంకలో పెట్టుకున్నాడు. జీపు కదులుతుంటే నాన్న నా మోచేయి గిల్లాడు.

"చెక్కలు ఉంచుకుని డబ్బా ఇమ్మని చెప్పరా. మీ అమ్మ లెక్కడుగుద్ది."