అగ్గిపెట్టె చూద్దామని

ఖతార్ రాజధాని దోహాలో మూడో రోజు. కార్నిష్ సముద్రతీరం, సూక్ వాకిఫ్ బజారు తిరగడం అయిపోయింది. "ఇంకేం చూస్తావ్?" అన్నాడు బావ. అరబిక్ వార్తా ఛానెల్ అల్ జజీరా ఆఫీసు అన్నాను. నవ్వి, తెలిసిన టాక్సీ అబ్బాయికి ఫోన్ చేశాడు.

ఆ అబ్బాయిది జగిత్యాల దగ్గర పల్లె. "గోడ తప్ప ఏం గానరాదన్నా" అంటూనే వాదీ అల్ సైల్ వైపు పోనిచ్చాడు. నిజమే. గేటు, గోడ, అంతే. ఫోటో తీయబోతే "వద్దన్నా, లేనిపోని టెన్షన్" అన్నాడు.

ఒకప్పుడు ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ ఇక్కడికొచ్చి, "ఇంత గోలా ఈ అగ్గిపెట్టెలోంచేనా!" అన్నాడట. నేను చూడాలనుకున్నది ఆ అగ్గిపెట్టెనే. 1996లో సౌదీ భాగస్వామితో చెడి బీబీసీ అరబిక్ టీవీ మూతపడింది. రోడ్డున పడ్డవాళ్లలో చాలామందిని ఖతార్ పిలుచుకుంది. ఛానెల్ పెట్టడానికి అక్కడి పాలకుడు, ఎమీర్ షేక్ హమద్ 50 కోట్ల రియాళ్లిచ్చాడు. ఆ నవంబర్ 1న అల్ జజీరా ప్రసారాలు మొదలయ్యాయి, అవీ రోజుకు ఆరు గంటలే.

తిరుగు దారిలో ఒక మలయాళీ కొట్టు దగ్గర కరక్ చాయ్‌కి ఆగాం. చిక్కటి పాలు, యాలకుల ఘాటు, పేపర్ కప్పు పట్టుకుంటే వేళ్లు కాలుతున్నాయి. గోడ మీది టీవీలో అదే ఛానెల్. కింద ఎర్రపట్టీ. దాని మీది అక్షరాలు చూపించి "ఆజిల్, అంటే అర్జెంట్" అని పక్కనున్న సూడాన్ పెద్దాయన ఇంగ్లిష్‌లో చెప్పాడు. ఆయన కుర్రతనంలో వాళ్ల సర్కారీ టీవీలో వార్తలంటే అధ్యక్షుడు ఎవరితో చేయి కలిపాడన్నదేనట. ఆ తర్వాత అల్ జజీరాలో ఫైసల్ అల్ ఖాసిం అనే యాంకర్ చర్చా కార్యక్రమం వచ్చిందట. పడని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి లైవ్‌లో వాదించుకోమనడం! ఆ రాత్రుల్లో డిష్ ఉన్న పొరుగింట్లో చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదని చేత్తో గుట్ట చూపించాడు.

2001లో కాబూల్ బాంబుల దృశ్యాలు ఈ ఛానెల్ ద్వారానే ప్రపంచమంతా చూసింది. 2017లో పొరుగు దేశాలు ఖతార్‌ను వెలివేసినప్పుడు పెట్టిన షరతుల్లో ఛానెల్ మూసేయమన్నదీ ఒకటి. అయితే అన్నం పెట్టిన ఇంటి సంగతికొస్తే దీని గొంతు తగ్గుతుందని విమర్శకుల మాట. నాకూ అలానే అనిపిస్తుంది.

"మనోళ్ల గురించి వస్తదా అన్నా ఇండ్ల?" అడిగాడు డ్రైవర్, టీవీ చూస్తూనే. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన భుజాలెగరేసి చాయ్ ఊదుకున్నాడు.

ఎయిర్‌పోర్టు ట్రిప్పు ఉందంటూ డ్రైవర్ లేచాడు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.