ఆస్టూరియాస్ యువరాణికీ అనంతపురానికీ ఏం సంబంధం?

ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ పేరు వినని పల్లె అనంతపురం జిల్లాలో దాదాపు ఉండదు. ఆ సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్‌కు 1998లో ‘ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియాస్’ అవార్డు వచ్చింది, మహమ్మద్ యూనస్ తదితరులతో కలిపి. ఆ ప్రిన్స్ ఎవరో మన పిల్లలకు తెలియాలి.

అది స్పెయిన్ సింహాసన వారసుల బిరుదు, 1388 నాటిది. 1998లో అది యువరాజు ఫెలిపేది, 2014లో ఆయన రాజయ్యాక పెద్దకూతురు లియోనార్‌కు వచ్చింది. అవార్డు పేరూ ‘ప్రిన్సెస్’ అయింది. విజేతలను ఎంచేది మాత్రం జ్యూరీలే. ఏటా స్పెయిన్‌లోని ఒవియేదో నగరంలో ఉన్న కాంపోఅమోర్ థియేటర్‌లో సభ జరుగుతుంది. 2019లో లియోనార్ తొలిసారి అక్కడ ప్రసంగించేనాటికి ఇంకా 14 నిండలేదు!

పెద్దబిడ్డ కాబట్టే వారసురాలైందని చాలామంది పొరబడతారు. కాదు. స్పెయిన్ రాజ్యాంగం 57వ అధికరణం ఇప్పటికీ మగబిడ్డకే ముందు పీట వేస్తుంది. ఉన్నది చెల్లెలు సోఫియా ఒక్కతే గనుక సరిపోయింది. తమ్ముడు పుట్టి ఉంటే వరస మారిపోయేది. స్వీడన్ 1980లోనే ఈ తేడా ఎత్తేసింది. స్పెయిన్ ఇంకా ఉంచుకోవడం అన్యాయమే.

లియోనార్ 18 నిండిన రోజే, 2023 అక్టోబరు 31న, పార్లమెంటులో రాజ్యాంగంపై ప్రమాణం చేసింది. సైనిక శిక్షణ అంతకుముందే, ఆగస్టులో, జరగోజాలో మొదలైంది. తర్వాత మరీన్‌లో నౌకాదళం, సాన్ హవియర్‌లో వైమానిక దళం. రేపు మూడు దళాలకూ సర్వసైన్యాధిపతి ఆమే కదా.