డిమెన్షియా అన్నారా, అల్జీమర్స్ అన్నారా?

మొదటి డాక్టరు అమ్మ ఫైల్లో డిమెన్షియా అని రాశారు. రెండు నెలల తర్వాత ఇంకో డాక్టరు స్కాన్ అదీ చూసి అల్జీమర్స్ అయ్యుండొచ్చు అన్నారు. ఇంటికొచ్చేదాకా ఒకటే టెన్షన్, ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి అని. తీరా చూస్తే ఇద్దరూ చెప్పింది కరెక్టే, అర్థం కానిది నాకే.

జ్వరానికీ టైఫాయిడ్‌కీ ఉన్న తేడా లాంటిది ఇది. జ్వరం అంటే ఒళ్ళు కాలుతోందని తెలుస్తుంది, ఎందుకు కాలుతోందో తెలీదు. జ్ఞాపకం, మాట, లెక్క, తెలిసిన దారి... ఇవి దెబ్బతిని రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితికి వస్తే దాన్ని డిమెన్షియా అంటారు. ఆ స్థితికి తెచ్చే జబ్బుల్లో ఒకటి అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 నుంచి 70 శాతం కేసులకి కారణం ఇదే కాబట్టి, రెండు పేర్లూ ఒకటే అన్నట్టు వాడేస్తుంటాం.

పేరేదైతే ఏంటి, ఎలాగూ నయం కాదుగా అని నేనూ అనుకున్నా. అలా కాదట. బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, ఒక్కోసారి వాడుతున్న మందుల వల్లా అచ్చం ఇలాగే మతిమరుపు వస్తుంది, అది చాలావరకు సరిచేయొచ్చు. మెదడుకి రక్తం సరిగా అందక వచ్చే రకం ఉంది, అందులో బీపీ, షుగర్ అదుపులో పెట్టడం చాలా ముఖ్యం. లూయీ బాడీ అని ఇంకోటి. అందులో లేని మనుషులు కనిపిస్తారు, నడక బిగుసుకుపోతుంది, భ్రమలకి మామూలుగా ఇచ్చే కొన్ని మందులు వీళ్ళకి చాలా ప్రమాదం. అందుకే డిమెన్షియా అనగానే సరేనని లేచి రాకుండా "దేనివల్ల డాక్టర్?" అని అడగాలి. పెద్దవాళ్ళలో రెండు రకాలు కలిసి ఉండటం కూడా మామూలేనట.

ఆ రోజు డాక్టరు అమ్మకి కాగితం ఇచ్చి గడియారం గీయమన్నారు, పదకొండూ పది చూపించేలా. గుండ్రం చక్కగా గీసింది. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలన్నీ కుడివైపే ఇరికించేసింది, ఎడమ సగం ఖాళీ. ఒక ముల్లు పదకొండు మీద, ఇంకోటి పది మీద. జీవితాంతం పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. ఎక్కడో తేడాగా ఉందని ఆవిడకీ తెలిసింది, పెన్సిల్ పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. అంతకు ముందు ఏడాదంతా మేం దాన్ని చాదస్తం అన్నాం. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం వేరు, చేతిలో కళ్ళజోడు పట్టుకుని ఇదెందుకు అనడం వేరు, ఆ తేడా మాకు పట్టలేదు.

ఈ జబ్బుకి పేరు అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు నుంచి వచ్చింది. 1901లో ఆయన దగ్గరికి వచ్చిన ఆగస్టె డెటెర్‌కి అప్పటికి 51 ఏళ్ళే. ఆవిడ 1906లో చనిపోయాక మెదడుని మైక్రోస్కోప్ కింద చూస్తే కణాల మధ్య గడ్డల్లా పేరుకున్న పదార్థం, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఇప్పుడు వాటినే అమిలాయిడ్, టౌ అంటున్నారు. మొదట దెబ్బతినే చోట్లలో హిప్పోక్యాంపస్ ఒకటి, కొత్త విషయాలు గుర్తుండేలా చేసేది అదే. అందుకే యాభై ఏళ్ళ కిందటి ముచ్చట పూసగుచ్చినట్టు చెప్పే మనిషికి పది నిమిషాల కిందటి మాట ఉండదు. నేను "ఇప్పుడేగా చెప్పాను!" అని విసుక్కున్న ప్రతిసారీ ఆవిడ లెక్కలో అది మొదటిసారి అడగడమే.

ఇవాళ పొద్దున్న ఏ వారమని నాలుగుసార్లు అడిగింది. బుధవారం అన్నాను. "అప్పుడే బుధవారం వచ్చేసిందా" అంది, నాలుగుసార్లూ అదే ఆశ్చర్యంతో.