కన్నుకుట్టడం, కడుపుమంట

విశాఖ పాతపట్నంలో కాపురముండేవారికి నల్లధూళి కొత్త కాదు. ఉదయం తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రం వేలితో గీస్తే, వేలికొనకు కాటుక అంటినట్టు అవుతుంది. అందుకే ఈ నెల మొదటి ఆదివారం, చర్చిలో ప్రభురాత్రి భోజనం (యేసును తలచుకుని పంచుకునే రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చే రోజు కనుక, తెల్లచీర కట్టుకుని, కొంగు మెట్ల కమ్మీకి తగలకుండా చేత్తో ఎత్తిపట్టుకుని ఆరాధనకు వెళ్లాను.

సాక్ష్యాల సమయంలో మా సంఘపు సోదరి ఒకరు లేచి, కుమారునికి ఉద్యోగం వచ్చిందని, మధురవాడలో ఇల్లు కొనుక్కున్నామని కన్నీళ్లతో చెప్పారు. అందరితో పాటు నేనూ ‘దేవునికి స్తోత్రం’ అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆ మాట నోట ఉండగానే, ‘ఉపవాస ప్రార్థనకు ఏనాడూ రాని వీళ్లకా?’ అని లోపల లెక్క మొదలైంది. మా అబ్బాయి రెండేళ్లుగా పోటీ పరీక్షలు రాస్తూనే ఉన్నాడు.

బైబిలులో మత్తయి సువార్త 20వ అధ్యాయంలో, పొద్దున్నుంచీ ఎండలో పనిచేసినవారు, చివరి గంటలో వచ్చినవారికీ అదే దేనారం, అంటే పూర్తి రోజు కూలి, ఇచ్చారని సణిగినప్పుడు, తోట యజమాని ‘నీకు కడుపుమంటగా ఉన్నదా?’ అని అడుగుతాడు. గ్రీకు మూలంలో అక్కడ ఉన్నది కడుపు కాదు, కన్ను: నేను మంచివాడినైతే నీ కన్ను చెడ్డదా అని ఆ ప్రశ్న. మార్కు 7వ అధ్యాయంలో హృదయంలో నుంచి బయలుదేరే చెడుగుల వరుసలో మన బైబిలు ‘మత్సరము’ అన్నచోట కూడా మూలంలో ఉన్నది చెడ్డ కన్నే. కన్నుకుట్టడం అనే మాట మనకూ ఉన్నది కదా! చూపు చెడేది కంటిలో కాదని, అంతకంటే లోతున హృదయంలోనని ఆ వరుస చెబుతోంది. హృదయశుద్ధిగలవారు దేవుని చూచెదరన్న వాగ్దానంలోనూ చూపు మాటే ఉండడం నాకు ఇప్పుడు కొత్తగా తోస్తోంది. ఎదుటివారి ఇంట దేవుడు చేసిన మేలునే చూడలేని కన్ను ఆయనను ఎలా చూస్తుంది?

అచ్చయిన తొలి తెలుగు సువార్తల్లో మత్తయి ఒకటి. 1805లో విశాఖకు వచ్చిన మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే ఆ అనువాదానికి పూనుకున్నారు. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అది అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. తమ కష్టఫలం కంటితో చూడకుండానే వెళ్లిపోయారు. నేను రెండేళ్లకే లెక్క అడుగుతున్నాను.

ఆ సోదరి దగ్గరకు వెళ్లి క్షమాపణ అడుగుదామా అనుకున్నాను గాని, నా మనసు తేలికపరచుకోవడానికి ఆమె సంతోషాన్ని పాడుచేయడం నాకు సబబనిపించలేదు. బదులుగా ఆ అబ్బాయి పేరు పెట్టి రోజూ ప్రార్థించాను. మొదటి మూడు రోజులు మాటలు ఎండిపోయినట్టే ఉన్నాయి.

శనివారం వారి గృహప్రతిష్ఠ కూడికకు వెళ్లాను. గదులు లెక్కపెట్టలేదని ఇక్కడ రాయాలనే ఉంది. మూడు.