తాంబేళ్ళ కాలంలో నాన్న ఇంట్లోనే ఉంటాడు

మాది గార మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నా చిన్నప్పుడు ఆగస్టు వచ్చిందంటే ఊళ్ళో మగవాళ్ళు పలచబడిపోయేవారు. చేపల పడవల మీద కూలికి సంచులు సర్దుకుని రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళిపోయేవారు. మళ్ళీ వేసవికే రావడం. నాన్న పదకొండేళ్ళు అలాగే వెళ్ళాడు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారని వినగానే, ఆ పడవల్లో నాన్న లేడని తెలిసేదాకా అమ్మ పొయ్యి వెలిగించలేదు. పట్టుబడినవాళ్ళలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. నాన్న మాత్రం మళ్ళీ వెరావల్ పేరెత్తలేదు.

ఇప్పుడు జనవరి నుంచి మే దాకా ఆయన పని తాంబేటి గుడ్ల కాపలా. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి, ఒక్కొక్కటి నూరు దాకా గుడ్లు పెట్టి పోతాయి. ఆలస్యమైతే కుక్కలు తవ్వేస్తాయి. నాన్న టార్చి పట్టుకుని, ఇసకలో జాడ చూసుకుంటూ నడిచి, గుడ్లు తీసి బుట్టలో తెచ్చి, కంచె కట్టిన చోట అంతే లోతులో పాతిపెడతాడు. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. కూలి ఎక్కువేమీ కాదు. కానీ తమ్ముడి పదో తరగతి పరీక్షలప్పుడు నాన్న ఇంట్లో ఉన్నాడు. నాకు అదే పెద్ద లెక్క.

విష్ణువు తాబేలు రూపంలో కొలువైన శ్రీకూర్మం మా పక్కనే. వలలో తాబేలు పడితే బొట్టు పెట్టి వదలడం మా తాత నేర్పింది, ఏ చట్టమూ కాదు.

మా పిన్నిది గంజాం జిల్లా, రుషికుల్య నది సముద్రంలో కలిసే వైపు. అక్కడ కూడా మా తెలుగు పల్లెలున్నాయి. తాబేళ్ళ కోసం ఒడిశాలో ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర 20 కిలోమీటర్ల మేర వేట ఆపుతారు. ఏడు నెలలు! బాబాయి ఒకటే అంటాడు: "సంద్రం మూస్తే మూయండి, ముందు మాకో మాట సెప్పాల గదేటి."

మా వైపు నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని అందరికీ తెలుసు, ఎవరూ కాదనరు. వేట లేని ఆ రోజులకు ఇచ్చే భృతి 2025లో 20 వేలు చేశారు, మంచిదే. అయితే అది పడవెక్కేవాళ్ళ పేరున వస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే అమ్మ పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆ రెండు నెలలూ ఎండుచేపలతోనే ఆమె నెట్టుకొస్తుంది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలదేనని మన రాష్ట్ర సముద్ర వేట నియంత్రణకు తెచ్చిన 1994 చట్టం కిందే ఉంది. అయినా రాత్రిళ్ళు ట్రాలర్ల, అంటే పెద్ద వలలు ఈడ్చుకుపోయే మరపడవల, దీపాలు మా ఇంటి అరుగు మీంచి కనిపిస్తాయి. వాటి వలల్లో చిక్కిన తాబేలు ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతుంది. మావాళ్ళ వలలూ తెగిపోతాయి. తాబేలుకీ మాకూ నష్టం ఒక్కచోటి నుంచే వస్తోంది.

నాన్న దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఒకవైపు గుడ్ల గూళ్ళు, ఇంకోవైపు ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్ళు, తేదీలతో సహా. ఈ ఏడాది నుంచి మూడో గడి గీశాడు: దీపాలు కనిపించిన రాత్రులు. ఇప్పుడు దాన్నే టైపు చేస్తున్నాను. ఊరి పెద్దల సంతకాలయ్యాక నాన్నా నేనూ కలెక్టరాఫీసుకు తీసుకెళ్తాం.